పోర్ట్ అగస్టా నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ దాకా ఒక్కదాన్నే: స్టూవర్ట్ హైవే రోడ్‌హౌస్‌లకి నా రివ్యూ

ఆస్ట్రేలియా లోపల జనం పెద్దగా లేని ఎడారి ప్రాంతాన్ని అవుట్‌బ్యాక్ అంటారు, అక్కడ హైవే పక్కన పెట్రోల్, తిండి, గది అన్నీ ఇచ్చే రోడ్‌హౌస్‌ల కింద జనం రాసిన రివ్యూలు చదివితే నాకు ఒళ్ళు మండిపోతుంది. పెట్రోల్ రేటు ఎక్కువ, రూమ్ పాతది, వైఫై రాదు అని ఒక్క స్టార్ పడేసి వెళ్ళిపోతారు. ఆ ఒక్క బంకు అక్కడ లేకపోతే తమ పరిస్థితి ఏంటో ఒకసారి మ్యాప్ తీసి చూసుకుంటే ఆ మాట రాయరు. నేను ఆ దారిలో ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను, అందుకే ఇది రాస్తున్నా, నా దృష్టిలో ఇవి ఐదు స్టార్లకి తగ్గేవి కాదు.

తెలియనివాళ్ళకి ముందు రూటు చెప్తా. సౌత్ ఆస్ట్రేలియాలో పోర్ట్ అగస్టా దగ్గర మొదలై డార్విన్ దాకా 2,700 కిలోమీటర్ల పైనే పోయే రోడ్డు ఇది, 1860ల్లో ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటిన జాన్ మెక్‌డూవల్ స్టూవర్ట్ పేరు పెట్టారు, మొత్తం తారు రోడ్డుగా మారింది మాత్రం 1987కి. నేను వెళ్ళింది ఆలిస్ స్ప్రింగ్స్ వరకు, అంటే సుమారు 1,200 కిలోమీటర్లు. మామూలు చిన్న కారు చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు, మట్టిరోడ్లు ఎక్కకపోతే.

కారు అద్దె విషయం మాత్రం జాగ్రత్త. నేను తీసుకున్న కంపెనీ వాళ్ళు మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్స్ ఉండదని, టౌన్ దాటాక చీకట్లో నడపకూడదని, కిలోమీటర్లకి లిమిట్ ఉందని తాళాలిచ్చేటప్పుడు చెప్పారు, బుకింగ్‌లో ఆ ముక్క ఎక్కడో అడుగున ఉంది. రూల్ తప్పని నేననను, సాయంత్రం అయ్యేసరికి కంగారూలు రోడ్డు మీదకి వస్తాయి కాబట్టి అసలు ఎవరూ నడపకూడదు, కానీ అది డబ్బు కట్టకముందే పెద్దక్షరాల్లో చెప్పాలి కదా.

పోర్ట్ అగస్టా దాటాక మొదట ఆగాల్సింది పింబా. అక్కణ్ణుంచి ఆరేడు కిలోమీటర్లు పక్కకెళ్తే వూమెరా, 1947 నుంచి రాకెట్లు, మిసైళ్ళు పరీక్షించిన ఊరు, ఊరి మధ్యలో పార్కులో ఆ రాకెట్లు బయటే నిలబెట్టి ఉంటాయి, టికెట్ లేదు. ఒక గంట ఇవ్వండి. తర్వాత గ్లెండంబో. ఊరి బోర్డు మీద గొర్రెలు 22,500, ఈగలు 20 లక్షలు, మనుషులు 30 అని రాసి ఉంటుంది. ఈగల సంగతి నిజమే, మొహానికి వేసుకునే వల కొనుక్కోవడంలో మొహమాటపడకండి. కానీ గ్లెండంబో అసలు విలువ బంకు, ఎందుకంటే అక్కణ్ణుంచి కూబర్ పెడీ దాకా సుమారు 250 కిలోమీటర్లు ఇంకో పంపు లేదు. సగం ట్యాంక్ ఉంది కదా అని దాటేయకండి. అడిలైడ్ కంటే లీటరుకి 30, 40 సెంట్లు ఎక్కువ పడింది నాకు, అంత దూరం ట్యాంకర్‌లో తెచ్చి, జెనరేటర్ మీద ఫ్రిజ్‌లు నడిపేవాడు సిటీ రేటుకి ఎలా ఇస్తాడు?

రోడ్‌హౌస్ అంటే బంకు ఒక్కటే కాదు. అదే కొట్టు, అదే బార్, అదే వంటిల్లు, వెనకాల డోంగా అని పిలిచే రేకుల గదులు, క్యారవాన్లకి స్థలం, టైరు పోతే పట్టించుకునే మనిషి, ఏ మట్టిరోడ్డు తెరిచారో ఏది మూశారో చెప్పే సమాచారం, అన్నీ ఒకే కప్పు కింద. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి ఇది ఎంత ధైర్యమో నేను మాటల్లో చెప్పలేను. ఒకచోట కాఫీ తీసుకుంటుంటే కౌంటర్ దగ్గర పెద్దావిడ ఈ రాత్రికి ఎక్కడ ఆగుతున్నావమ్మా అని అడిగి, నేను చెప్పిన చోటుకి ఫోన్ చేసి తెల్ల కారులో ఒకమ్మాయి వస్తోంది, ఆరింటికల్లా రాకపోతే నాకు చెప్పండి అంది. నేను అడగలేదు. ఆ కాఫీకి ఎంతిచ్చానో నాకు గుర్తులేదు, ఆవిడ చేసిన ఫోన్‌కి మాత్రం వెల కట్టలేను. ఊళ్ళ మధ్య చాలాసేపు సిగ్నల్ ఉండదు, అక్కడి మొబైల్ కంపెనీ టెల్‌స్ట్రా సిమ్ కాస్త నయం, అది కూడా ఊరి దగ్గరే.

గదుల గురించి నిజాయితీగా చెప్పాలంటే గోడలు పల్చన, మంచం, ఏసీ, చిన్న ఫ్రిజ్ అంతే, బాత్‌రూమ్ కొన్నిచోట్ల బయట అందరికీ కలిపి ఉంటుంది. రోడ్ ట్రెయిన్లు, అంటే 53.5 మీటర్ల దాకా పొడవుండే ట్రక్కులు, రాత్రి ముందువైపు ఆపుకుంటాయి, వాటి ఫ్రిజ్ మోటార్లు తెల్లార్లూ మోగుతాయి, కాబట్టి వెనక వరస గది కావాలని అడగండి, ఇస్తారు.

కూబర్ పెడీలో మాత్రం డబ్బు ఎక్కువైనా భూమి లోపలి గదే తీసుకోండి. 1915లో అక్కడ ఓపల్ అనే రత్నం దొరికాక వచ్చినవాళ్ళు ఎండ భరించలేక కొండల్ని తొలిచి ఇళ్ళు చేసుకున్నారు, ఇప్పటికీ చాలామంది అలాగే ఉంటారు. బయట 40 దాటినా లోపల 23, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఏసీ లేదు, కిటికీ లేదు, గాలికి పైకి ఒక గొట్టం. లైటు ఆర్పితే చెయ్యి కూడా కనపడని చీకటి, అంత నిశ్శబ్దం నేనింకెక్కడా వినలేదు. మూసిన గదులంటే భయపడేవాళ్ళు వద్దు. సెర్బియన్ చర్చి కూడా భూమి లోపలే, తప్పకుండా చూడండి. ఊరి బయట పాత గుంతలు తెరిచే ఉంటాయి, ఫోటో కోసం వెనక్కి అడుగులు వెయ్యద్దని బోర్డులు పెట్టారంటే అది ఊరికే కాదు.

తిండి దగ్గర స్టార్ కొయ్యాలంటే కొయ్యొచ్చు. చికెన్ ష్నిట్జెల్ (బ్రెడ్ పొడి అద్ది వేయించిన చికెన్ ముక్క), స్టేక్, బర్గర్, చిప్స్, తినేవాళ్ళకి ప్లేటు నిండా పెడతారు. శాకాహారులకి చీజ్ టొమాటో టోస్ట్, చిప్స్, అదృష్టం బాగుంటే వెజ్ బర్గర్, రెండో రోజుకే విసుగొస్తుంది. ఒకచోట వంటిల్లు ఏడున్నరకే మూసేశారు, బోర్డు మీద ఎనిమిదని ఉంది, వేడి పెట్టెలో మిగిలిన ఒక పై (లోపల కూర పెట్టి కాల్చే పేస్ట్రీ) తిని పడుకున్నా.

మార్లా తర్వాత నార్తర్న్ టెరిటరీ సరిహద్దు దాటితే స్పీడ్ లిమిట్ 110 నుంచి 130కి మారుతుంది, కల్గెరా, ఎర్ల్డుండా వస్తాయి, ఉలురు అనే పెద్ద ఎర్రరాతి కొండకి మలుపు ఎర్ల్డుండా దగ్గరే. ఉలురు ఉత్తరోత్తరా వేరే రాస్తా. మార్లా నుంచి కుడివైపు మట్టిరోడ్డులో ఊద్నదత్తా వెళ్ళాలనుకుంటే, అదే 1960 జనవరిలో 50.7 డిగ్రీలు నమోదైన ఊరు, ముందు మార్లాలో కౌంటర్ దగ్గర అడిగి, వాన పడిందంటే ఆ ఆలోచన మానుకోండి, కారులో మనిషికి కనీసం పది లీటర్ల నీళ్ళు వేసుకోండి, కారు ఆగిపోతే మాత్రం దాన్ని వదిలి నడవద్దు.