టిక్కెట్టు కొనండి, కార్డులు మాత్రం వద్దు

ఒడిశాలో బరంపురం దాటి హైవే మీద కాస్త దూరం వెళ్తే ఒక వాటర్ పార్కు వస్తుంది. పేరు రాయను. పిల్లలున్నవాళ్లు వెళ్లొచ్చు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, వేవ్ పూల్ బాగుంది, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులకి గడియలు సరిగ్గా పడుతున్నాయి (ఇదేమీ చిన్న విషయం కాదు). టిక్కెట్టు పెద్దలకి 500, పిల్లలకి 400. ముసలివాళ్లకి తగ్గింపు లేదు, నీళ్లలో దిగకపోయినా సరే. అంతవరకు నాకేమీ ఫిర్యాదు లేదు. లోపలికి అడుగు పెట్టగానే ఎడమవైపు రంగుల కౌంటర్లో ఒక కార్డుల ఆట అమ్ముతారు. దాని జోలికి మాత్రం పోకండి. మాకు అక్షరాలా 900 రూపాయలు వదిలింది, ఆ పైన చిన్నాడి ఏడుపు.

మాది రాయగడ. మా వదిన, అంటే మావారి అక్క, అమెరికాలో ఓర్లాండో పక్కన ఉంటుంది. సెలవులకి కొడుకుని తీసుకుని వచ్చింది. వాడికి పద్నాలుగేళ్లు, మావాడు నాలుగో తరగతి. వీళ్లిద్దరూ, వదినా, నేనూ, మా మావయ్యగారూ కలిసి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో బరంపురం బయల్దేరాం. మావారికి సెలవు దొరకలేదు కాబట్టి ఇంట్లో కూర్చుని ఫోన్లో లాడ్జి బుక్ చేశారు. ఆ లాడ్జి సంగతి తర్వాత చెప్తాను. రైలు ప్రయాణం హాయిగా జరిగింది.

పెద్దాడు పెట్టెలో బట్టల కన్నా జాగ్రత్తగా ఒక ఆల్బమ్ తెచ్చుకున్నాడు. అందులో ఉన్నవి డిస్నీ వరల్డ్ కార్డులు. అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో 2012 ఫిబ్రవరి నుంచి 'సోర్సరర్స్ ఆఫ్ ది మ్యాజిక్ కింగ్‌డమ్' అని ఒక ఆట నడిచింది. మెయిన్ స్ట్రీట్‌లో ఫైర్ స్టేషన్‌లా కట్టిన భవనానికి వెళ్తే మనిషికి రోజుకో ప్యాకెట్టు ఇచ్చేవారట, అందులో ఐదు కార్డులు. దాంతోపాటు తాళంచెవిలా పనిచేసే ఇంకో కార్డు. దేనికీ పైసా అడిగేవారు కాదు. మెర్లిన్ అనే మాంత్రికుడు తెర మీదకొచ్చి, 'హేడీస్ ఈ పార్కుని చేజిక్కించుకోవాలని చూస్తున్నాడు, మీరే కాపాడాలి' అంటాడు. ఇక పార్కంతా తిరగడమే. గోడల్లో, కిటికీల్లో తెరలు దాచిపెట్టి ఉంటాయి. తాళంచెవి కార్డు తాకిస్తే ఆడేది ఎవరో, వాళ్ల కథ ఎందాకా వచ్చిందో ఆ తెరకి తెలిసిపోతుంది. విలన్ కనిపించగానే చేతిలో కార్డు ఎత్తి చూపించాలి. కెమెరా దాని మీద బొమ్మని గుర్తుపట్టి ఆ మంత్రాన్ని తెర మీద వేస్తుంది. ఆట ముదిరేకొద్దీ రెండుమూడు కార్డులు కలిపి చూపించాలి. మామూలు కార్డులు 70. హాలోవీన్, క్రిస్మస్ పార్టీ రాత్రుల్లో ఇచ్చేవి వేరే. 2021 జనవరితో ఆ ఆట ఎత్తేశారు. ఇప్పుడు ఆ కార్డుల్ని ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లు ఉన్నారట.

'అన్నీ ఫ్రీ అత్తా!' అన్నాడు వాడు. వదిన ఊరుకుంటుందా? 'ఫ్రీ ఏంట్రా, టిక్కెట్టుకి మనిషికి వంద డాలర్లు పైన పోశాం. ఆ తెరల ముందు మీ నాన్న నిలబడిన క్యూల సంగతి ఆయన్ని అడుగు' అంది. అదీ నిజమే. కానీ ఒకసారి టిక్కెట్టు కొన్నాక లోపల పిల్లాడు జేబు తడుముకోనక్కర్లేదు. నేను చెప్పేది ఆ తేడా గురించే.

మన పార్కులో ఫోల్డరు 150. అందులో ఐదు కార్డులు, మెడలో వేసుకునే ప్లాస్టిక్ బిళ్ల ఒకటి. ఇద్దరికీ కొన్నాం. కథేమిటంటే ఒక సముద్రరాక్షసుడు శంఖం ఎత్తుకుపోయాడు. పార్కులో ఎనిమిది చోట్ల స్తంభాలున్నాయి, స్తంభానికో తెర, కెమెరా. ఎనిమిదీ గెలిస్తే కౌంటర్లో మెడల్ ఇస్తారు. మొదటి రెండు స్తంభాల దగ్గర పిల్లలు ఎగిరి గంతేశారు. నిజం చెప్పాలంటే బొమ్మలు బాగానే వేశారు, వల విసిరితే రాక్షసుడు జారిపడే చోట నాకూ నవ్వొచ్చింది. మూడో స్తంభం దగ్గర లైట్‌హౌస్ కార్డు అడిగింది. మా దగ్గర లేదు. 'ప్యాకెట్ తీసుకోండి మేడమ్, రావొచ్చు' అన్నాడు కుర్రాడు. మూడు కార్డుల ప్యాకెట్టు 60 రూపాయలు. అలా ఒకటి తర్వాత ఒకటి పది ప్యాకెట్లయ్యాయి. లైట్‌హౌస్ ఒక్కటీ రాలేదు గానీ తాబేలు కార్డులు మాత్రం రుషికుల్య ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వచ్చినట్టు గుంపులుగా వచ్చిపడ్డాయి.

పైగా అది వాటర్ పార్కు, కార్డులేమో కాగితంవి! ఈ ఆట తయారుచేసిన పెద్దమనిషి ఎప్పుడైనా ఆ జారుడుబల్ల ఎక్కాడా అని నా అనుమానం. లాకరుకి 100 అద్దె, 100 డిపాజిట్. స్తంభం దగ్గరికి వెళ్లినప్పుడల్లా లాకరు తీయాలి. తడిచేతులతో పట్టుకుంటే మూలలు ఉబ్బుతాయి, ఉబ్బిన కార్డుని కెమెరా గుర్తుపట్టదు. చివరికి మావయ్యగారే లాకరయ్యారు. గొడుగు కింద కుర్చీ వేసుకుని, కార్డులన్నీ జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి. పొద్దున్న టిక్కెట్టు దగ్గర నుంచీ సణుగుతూనే ఉన్నారు. అలాంటిది మేం వేవ్ పూల్ నుంచి వచ్చేసరికి చుట్టూ అరడజను మంది పిల్లలు, మధ్యలో ఆయన. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక పిల్లాడి దగ్గర లైట్‌హౌస్‌లు రెండున్నాయట. 'మూడు తాబేళ్లు ఇస్తా, ఒకటియ్యరా' అంటే వాడు నాలుగడిగాడు. ఈయన మూడుకీ ఒక జంతికకీ ఖాయం చేశారు. ఛత్రపురం పిల్లలతో ఒరియాలో, వీళ్లతో తెలుగులో, మాటలు చాలనిచోట వేళ్లతో బేరం. ఆ పార్కులో ఆ పూట నిజంగా జరిగిన ఆట అదొక్కటే. పార్కువాళ్లు ఒక బల్ల వేసి, 'ఇక్కడ కార్డులు మార్చుకోండి' అని బోర్డు పెడితే వాళ్లకి ఖర్చేముంది? ప్యాకెట్లు అమ్ముడుపోవు, అంతే.

లైట్‌హౌస్ దొరికింది కదా అని పరుగెత్తారు. మూడు, నాలుగు గెలిచారు. ఐదో స్తంభం తెర మీద 'నో సిగ్నల్'. ఆరోదానికి గోనెసంచి కప్పి తాడు కట్టేశారు. ఎనిమిదోదాని కెమెరాలో ఆవిరి పట్టి ఏ కార్డూ కనిపించదు, చిన్నాడు బనీనుతో తుడిచి తుడిచి విసిగిపోయాడు. కౌంటర్లో అడిగితే 'కాలి ఆసంతు' అన్నాడు. రేపు రావాలంటే మళ్లీ టిక్కెట్టు కొనాలి కదా! పోనీ కార్డుల డబ్బులిమ్మంటే మేనేజర్‌ని పిలిచారు. ఆయన ఫోల్డరు తిప్పి, వెనక అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చూపించాడు: సాంకేతిక కారణాల వల్ల ఆట ఆగితే డబ్బు వాపసు లేదు. వదిన ఇంగ్లిష్‌లో అందుకుంటే ఆయన గొంతు పెంచాడు. నేను ఒరియాలో అడిగాను. నా ఒరియా విని ఒక్క క్షణం ఆగి, 'తెలుగువాళ్లా అమ్మా? మాది సోంపేట' అన్నాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. మూడు స్తంభాలు పనిచేయడం లేదని తెలిసీ పొద్దున్న ఫోల్డర్లు ఎలా అమ్మారని అడిగితే, టెక్నీషియన్ భువనేశ్వర్ నుంచి రావాలన్నాడు.

చిన్నాడు గోపాల్‌పూర్ వచ్చేదాకా ఏడ్చాడు. పెద్దాడు తన ఆల్బమ్‌లోంచి ఒకటి తీసివ్వబోతే వద్దన్నాడు. వాడికి కావలసింది మెడల్.

ఇక లాడ్జి. గోపాల్‌పూర్‌లో గది ఒక్కింటికి 2,400, 'సీ వ్యూ' అని రాసి ఉంది. బాత్‌రూమ్ వెంటిలేటర్లోంచి మెడ బయటపెడితే సముద్రం కనిపించే మాట వాస్తవం. పరుపులు చెమ్మ. గీజరు ఉంది, పనిచేయదు, వేడినీళ్లు బకెట్ 30. అన్నింటికన్నా ఘోరం, గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకి, ఖాళీ చేయాల్సింది పొద్దున్న ఎనిమిదికి. ఎనిమిదీ ఐదుకి తలుపు కొట్టాడు. వదిన నోట ఆ పొద్దున్నే తమ్ముడి ఫోన్ బుకింగుల మీద వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. బుక్ చేసే ముందు చెకవుట్ ఎన్నింటికో ఫోన్ చేసి అడగండి, రాసినది నమ్మకండి.

ఆ కోపమంతా మధ్యాహ్నం భోజనంతో పోయింది. గోపాల్‌పూర్‌లో చేపల వేటకి వెళ్లే నోలియాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. లైట్‌హౌస్‌కి వెళ్లే దారిలో రేకుల షెడ్డు కింద ఒకావిడ అన్నం, చేపల పులుసు, వేయించిన చిన్నచేపలు పెట్టింది. ప్లేటు 130. పులుసులో చింతపండు సరిగ్గా పడింది, మారు వడ్డించినందుకు డబ్బు తీసుకోలేదు. మావయ్యగారు తిని, కొసరి, ఆమె మనవడికి రెండు తాబేలు కార్డులు ఇచ్చి వచ్చారు. ముందురోజు హోటల్లో ఇదే చేపకి 320 పెట్టి, టమాటా సాస్ రుచి చూశాం.

తారాతారిణి కొండ మెట్లు 999, మేం రోప్‌వేలో వెళ్లాం, దర్శనం బాగా జరిగింది. తప్తపాణి వేడినీళ్ల గంధకం వాసన పిల్లలకి నచ్చలేదు, మావయ్యగారి మోకాళ్లకి నచ్చింది. బరంపురంలో పట్టుచీర కొనాలంటే వదినతో వెళ్లకండి.

అన్నీ చదివాక కూడా ఆ పార్కులో పిల్లలు కార్డులకోసం మారాం చేస్తే, ముందు లోపల ఒక చుట్టు తిరిగి ఎనిమిది తెరలూ వెలుగుతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. వెలుగుతుంటే ఒక్క ఫోల్డరు కొనండి, ప్యాకెట్లు వద్దు. మిగతావి గొడుగుల కింద కూర్చున్న తాతల్ని అడిగితే దొరుకుతాయి. చేతిలో జంతికలుంటే మంచిది.