పిండాల ఫ్రీజింగ్‌కి గ్లిసరాలా, ఇథిలీన్ గ్లైకాలా: ఏది మేలు?

ఆవు పిండాలు ఫ్రీజ్ చేయాలంటే, గడ్డకట్టేటప్పుడు కణాలు దెబ్బతినకుండా కాపాడే మందుగా గ్లిసరాల్, ఇథిలీన్ గ్లైకాల్‌లలో ఏ ద్రావణం మంచిదని అమలాపురం, భీమవరం వైపు వెటర్నరీ కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఎద, ఫ్లషింగ్ (గర్భాశయం కడిగి పిండాలు తీయడం), నైట్రోజన్ కంటైనర్ల సంగతి మీకు తెలుసు కాబట్టి అవి వదిలేస్తున్నా.

ముందు ఒక అపోహ. పిండం చుట్టూ జోనా పెల్లూసిడా అని మందపాటి పొర ఉంది కదా, మందు దాన్ని దాటడమే కష్టమని చాలామంది అనుకుంటారు. ఆవులో ఆ పొర 12-15 మైక్రాన్లు ఉంటుంది నిజమే, కానీ అది గోడ కాదు, రొయ్యల చెరువు తూముకి కట్టిన వల లాంటిది. గ్లిసరాల్, గ్లైకాల్, చక్కెర లాంటి చిన్న అణువులు అడ్డే లేనట్టు దాటిపోతాయి, యాంటీబాడీలంత పెద్ద ప్రొటీన్లు కూడా వెళ్లగలవు. జోనా చెక్కుచెదరకుండా ఉంటే వైరస్‌లు మాత్రం చాలావరకు బయటే ఆగుతాయి. కొన్ని పైన అతుక్కుంటాయి, అందుకే పదిసార్లు కడగడం, అవసరమైతే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కడగడం.

అసలు గేటు లోపలుంది, కణాల పొర. అక్కడే ఈ రెండింటికీ తేడా వస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్ అణుభారం 62, గ్లిసరాల్‌ది 92. కాగితం మీద చిన్న తేడానే, మైక్రోస్కోప్ కింద చూస్తే అర్థమవుతుంది: ద్రావణంలో వేయగానే కణాల్లో నీళ్లు బయటికొచ్చి పిండం ముడుచుకుంటుంది, జోనాకీ దానికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది, తర్వాత మందు లోపలికి వెళ్లేకొద్దీ మళ్లీ నిండుతుంది. గ్లైకాల్‌లో త్వరగా నిండుతుంది, గ్లిసరాల్‌లో కాస్త ఆగాలి. ఇక సుక్రోజ్ (342) జోనాని దాటుతుంది కానీ కణంలోకి పోదు, బయటే ఉండి నీళ్లు లాగుతుంది.

లోపలికి వెళ్లడం కంటే, కరిగించాక బయటికి రావడమే నా దృష్టిలో అసలు పరీక్ష. గ్లిసరాల్‌తో ఫ్రీజ్ చేసిన పిండాన్ని నేరుగా గర్భాశయంలో వదిలితే లోపలి గ్లిసరాల్ బయటికి వచ్చేలోపే నీళ్లు దూసుకొచ్చి కణాలు ఉబ్బి పగులుతాయి. అందుకే సుక్రోజ్ కలిపిన ద్రావణాల్లో మెట్టు మెట్టుగా గ్లిసరాల్ తీసేసి, కొత్త స్ట్రాలోకి (పిండాన్ని ఉంచే సన్నని గొట్టం) ఎక్కించాలి. లంక గ్రామంలో, పడవ దిగి నడిచి వెళ్లిన పశువుల పాకలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట మైక్రోస్కోప్ పెట్టుకుని ఇదంతా ఎవరు చేస్తారండీ? గ్లైకాల్ త్వరగా బయటపడుతుంది కాబట్టి స్ట్రాని కొద్ది సెకన్లు గాలిలో, తర్వాత గోరువెచ్చని నీళ్లలో కరిగించి, తుడిచి, గన్‌లో (గర్భాశయంలోకి ఎక్కించే పరికరం) పెట్టి ఎక్కించేయొచ్చు. సెమెన్ స్ట్రా అలవాటున్నవాళ్లకి దాదాపు అదే పని. కరిగించాక కబుర్లు మాత్రం వద్దు, వెంటనే ఎక్కించాలి.

గ్లిసరాల్‌కీ ఒక గట్టి పాయింట్ ఉంది. మెట్లు దింపేటప్పుడు పిండాన్ని కళ్లారా చూస్తాం, చచ్చినదాన్ని పారేసి ఆవునీ, రైతు నెలల ఎదురుచూపునీ కాపాడొచ్చు. గ్లైకాల్ స్ట్రాని నేరుగా ఎక్కించే డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్‌లో ఆ అవకాశం లేదు. పక్కనే ల్యాబ్ ఉంటే గ్లిసరాల్ వాడుకోండి, నేనేమీ కాదనను. మన డెల్టా పల్లెలకి మాత్రం నా ఓటు గ్లైకాల్‌కే.

ఇదే పనికి డీఎంఎస్‌ఓ, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే మందులు కూడా ఉన్నాయి. 1972లో ఫ్రీజ్ చేసిన ఎలుక పిండాలు మొదటిసారి బతికింది డీఎంఎస్‌ఓతోనే, కానీ మన ఫీల్డ్ పనికి వాటితో అవసరం తక్కువ. ఐవీఎఫ్ (ల్యాబ్‌లో ఫలదీకరించిన) పిండాల్లో కొవ్వు ఎక్కువ, నెమ్మది ఫ్రీజింగ్ తట్టుకోవడం కష్టం, వాటికి విట్రిఫికేషనే (మంచు స్ఫటికాలు కట్టనీయకుండా అతివేగంగా చల్లబరచడం) మేలు. గుర్రాల సంగతి మనకెందుకు గానీ, వాటి పిండానికి జోనా కింద క్యాప్సూల్ అని ఇంకో పొర వస్తుంది. పిండం పెద్దదైతే ఫ్రీజింగ్ నిజంగానే తలనొప్పి, సూదితో గుచ్చి లోపలి నీరు తీయాల్సి వస్తుంది.

గేదెలున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. గేదె పిండం ఆవు పిండం కంటే ముందే పెరిగి జోనాలోంచి బయటపడుతుంది, ఎద తర్వాత ఏడో రోజు దాకా ఆగితే ఆలస్యమే. జోనా ఊడాక పైన చెప్పిన కడిగే రక్షణ దానికి వర్తించదు, అందుకే ఆరో రోజు దగ్గరే ఫ్లష్ చేయండి. పిండాలు కొనేవాళ్లు స్ట్రా ఏ ద్రావణంలో ఉందో రాతపూర్వకంగా అడగండి. గ్లిసరాల్ స్ట్రాని గ్లైకాల్ అనుకుని నేరుగా ఎక్కించేస్తే డబ్బులు గోదాట్లో పోసినట్టే.