కో-ఆపరేటివ్ ఏజెన్సీనా, మామూలు ఏజెంటా? బ్రిటన్‌లో కొత్త నటులకు ఏది మేలు

లండన్‌లో నటన కోర్సు పూర్తిచేసిన మన తెలుగు పిల్లల్ని ముందుగా పట్టుకునే టెన్షన్ ఏజెంట్ గురించే. నటుల వివరాలుండే స్పాట్‌లైట్ అనే ఆన్‌లైన్ డైరెక్టరీలో ప్రొఫైల్ పెట్టుకున్నా, చాలా పాత్రల వివరాలు నటుల్ని ఎంపిక చేసే క్యాస్టింగ్ డైరెక్టర్ల నుంచి ఏజెంట్లకే వెళ్తాయి. మామూలు ఏజెంట్ దొరకనప్పుడు, నటులే కలిసి నడుపుకునే కో-ఆపరేటివ్ ఏజెన్సీలో చేరమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దాన్ని గతిలేక వెళ్లే చోటు అనుకోవద్దని నా మనవి.

మామూలు ఏజెంట్ సంగతి తెలిసిందే. మన తరఫున ఫోన్లు చేస్తారు, పారితోషికం మాట్లాడతారు, పని దొరికితే సాధారణంగా 10 నుంచి 20 శాతం లోపు కమిషన్ తీసుకుంటారు. ఏళ్ల తరబడి పెంచుకున్న పరిచయాలే వాళ్ల బలం. కానీ వాళ్ల జాబితాలో పెద్ద పేర్లుంటే కొత్తవాళ్ల వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. నెలల తరబడి ఫోన్ మోగకపోయినా, మన పేరు అసలు పంపుతున్నారో లేదో అడగడానికి మొహమాటం.

కో-ఆపరేటివ్‌లో నటులే ఏజెంట్లు. ఇరవై, ముప్పై మంది కలిసి ఆఫీసు నడుపుతారు, నిర్ణయాలు మీటింగుల్లో అందరూ కలిసి తీసుకుంటారు. నెలకు కొన్ని రోజులు ఆఫీసు డ్యూటీ తప్పదు. కమిషన్ సాధారణంగా తక్కువే, అదీ ఆఫీసు ఖర్చులకే పోతుంది. బ్రిటన్‌లో ఈ పద్ధతి 1970ల నుంచి ఉంది. లండన్‌లోనే కాదు, కార్డిఫ్‌లో, యార్క్‌షైర్‌లోని హెబ్డెన్ బ్రిడ్జ్‌లో కూడా ఇలాంటివి నడిచాయి.

డ్యూటీ రోజున మీరు ఫోన్లో మాట్లాడేది మీ గురించి కాదు, తోటి సభ్యుల గురించి. ఒక్కో పాత్ర వివరం చదివి, మనవాళ్లలో ఎవరు సరిపోతారో తేల్చి, వాళ్ల ఫొటో, షోరీల్ (నటించిన సీన్లతో చేసిన చిన్న వీడియో) పంపుతారు. పారితోషికం బేరం కూడా మీరే ఆడాలి. ఎంత బాగా చేసినా కేవలం వయసో ఎత్తో కుదరక అవకాశం పోవడం కళ్లారా చూస్తారు. ఆ తర్వాత మీకు ‘నో’ వచ్చినప్పుడు అంత కుంగిపోరు. హైదరాబాద్‌లో కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి ‘సార్, ఏమైనా వేషం ఉందా’ అని అడిగి అలసిపోయిన వాళ్లకు దీని విలువ వెంటనే అర్థమవుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. రోజుకో గొంతు ఫోన్ చేస్తుంటే క్యాస్టింగ్ డైరెక్టర్లతో గట్టి పరిచయం ఏర్పడటం కష్టం. పొట్టకూటికి రోజంతా మరో ఉద్యోగం చేసేవాళ్లకు డ్యూటీ భారమే. ఒకరు బద్ధకిస్తే నష్టం అందరికీ.

అందుకే, చేతిలో ఇప్పటికే వరసగా పనులున్నవారికి మామూలు ఏజెంటే మేలు. ఇప్పుడే మొదలుపెట్టి, నెలకు రెండు మూడు రోజులు ఇవ్వగలిగి, ఇంకొకరి కోసం మనసుపెట్టి మాట్లాడగలిగితే నేను కో-ఆపరేటివ్‌నే ఎంచుకోమంటాను.

చేరాలంటే ఫొటో, సీవీతో ఉత్తరం రాసి, మీరు నటిస్తున్న నాటకానికి వాళ్లను పిలవండి. నచ్చితే ఇంటర్వ్యూ చేస్తారు, చాలాచోట్ల కొన్ని నెలలు ట్రయల్ కూడా ఉంటుంది. ఆ ఇంటర్వ్యూలో మీరూ అడగండి: మీ వయసు, మీ పోలికలున్న సభ్యులు ఇప్పటికే ఎందరున్నారు? చేరేటప్పుడు కట్టే డబ్బు వెళ్లిపోయేటప్పుడు తిరిగిస్తారా? టూర్‌లో ఉన్న నెలల్లో డ్యూటీ సంగతేంటి?