కోతా, కసరత్తా? ఒడిశా సరిహద్దులో మోకాలి లిగమెంటు వైద్యం మీద ఓ తూకం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టుపక్కల తెలుగువాళ్లకి మోకాలి లిగమెంటు, అంటే ఎముకని ఎముకకి కట్టి ఉంచే పట్టీ, తెగితే చేతికి అందేవి రెండే దారులు. ఒకటి కీహోల్ ఆపరేషన్: బరంపురం, విశాఖ లాంటి చోట్ల రెండు మూడు రోజులు బెడ్డు, ఒక గ్రాఫ్ట్ (తెగినదాని బదులు పెట్టే స్నాయువు), ఒక స్క్రూ, ఒక డిశ్చార్జి కాగితం. రెండోది మెడికల్ షాపులో కొన్న బ్రేస్ (మోకాలికి ఊతమిచ్చే తొడుగు), వారానికి రెండు మూడు సార్లు ఫిజియో, ఇంట్లో రోజూ కసరత్తు. రెండూ మంచివే. కాకపోతే ఆపరేషన్‌ని 'చేయించేస్తే అయిపోయినట్టే' అని అమ్ముతున్నారు, బ్రేస్‌ని 'తొడుక్కుంటే అతుక్కుంటుంది' అని అమ్ముతున్నారు. రెండు మాటలూ తప్పే.

ముందు తెగిందేమిటో తేలాలి. మోకాలి లోపక్క ఉండే ఎంసీఎల్ కీలుకి బయట, రక్తం బాగా అందే చోట ఉంటుంది. అందుకే అది ఒక్కటే తెగితే చాలావరకు కత్తి అక్కర్లేదు. హింజ్ (తలుపు బందులా మడిచే కీలు) ఉన్న బ్రేస్‌తో నాలుగు నుంచి ఆరు వారాల్లో గట్టిపడుతుంది. నడిమధ్యలో ఉండే ఏసీఎల్ సంగతి వేరు. కీలులోని జిగురునీరు రక్తపు గడ్డని కరిగించి కడిగేస్తుంది కాబట్టి తెగిన కొసల్ని కలిపే వంతెన పడదు. అందుకే సర్జన్ ఎక్కువగా దాన్ని కుట్టడు, దాని స్థానంలో మరో స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, పెడతాడు. బైకు మీద పడినప్పుడు ముంగాలు (మోకాలి కింద కాలి ముందుభాగం) దేనికో గుద్దుకుని తెగే పీసీఎల్ ఒక్కటే అయితే బ్రేస్, తొడ ముందు కండర కసరత్తుతోనే చాలామందికి గడిచిపోతుంది. బయటిపక్క ఎల్‌సీఎల్, దాని వెనక మూల పూర్తిగా తెగితే మాత్రం 'చూద్దాంలే' అనకూడదు. రెండు మూడు వారాలు దాటితే కణజాలం మచ్చకట్టి, సరిచేయడం కష్టమవుతుంది.

అసలు తూకమే వేయకూడని సందర్భాలు ఇంకో రెండున్నాయి. కీలు తప్పి పాదం చల్లబడినా, నాడి అందకపోయినా మోకాలి వెనక ధమని దెబ్బతిందేమో చూడాలి. ఆ కాలికి ఉండే గడువు ఆరు నుంచి ఎనిమిది గంటలే. దగ్గర్లోని పెద్దాసుపత్రికి, అంటే బరంపురం ఎంకేసీజీకో కొరాపుట్ మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్‌కో, నేరుగా పోవాలి. కట్టు కట్టేవాళ్ల దగ్గర ఆగితే కాలే పోవచ్చు. రెండోది, మోకాలు సగంలో ఇరుక్కుని ఎంత ప్రయత్నించినా చాచలేకపోవడం. ఎక్కువగా మెనిస్కస్ (రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ముక్క మడతపడి అడ్డం పడిందన్నమాట. దీనికి కసరత్తు మందు కాదు.

కబడ్డీలో తిరగబోయినప్పుడు టప్‌మని శబ్దం, రెండు మూడు గంటల్లోనే బుడగలా వాపు. ఈ రెండూ కలిస్తే ఏసీఎల్ అని అనుమానించాల్సిందే. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు, ఎముక పెచ్చు లేచిందేమో మాత్రం తెలుస్తుంది. ఎంఆర్‌ఐ కంటే ముందు డాక్టరు చేత్తో చేసే లాక్‌మన్ పరీక్ష ముఖ్యం. మోకాలు కొద్దిగా వంచి, ముంగాలిని ముందుకి లాగి చూస్తారు. కాలు ముట్టుకోకుండా ఫిల్ము చూసి ఆపరేషన్ తేదీ ఇచ్చే చోటుకి మా మార్కులు సున్నా. డాక్టరుకి తెలుగు రాకపోతే ఒడియాలో మోకాలు 'ఆంఠు', వాపు 'ఫులా'. నొప్పి కంటే ముందు చెప్పాల్సింది మాత్రం కాలు నిలవకుండా జారిపోవడం గురించి. చికిత్స నిర్ణయం ఎక్కువగా ఆ ఒక్క లక్షణం మీదే నడుస్తుంది.

ఇక బ్రేస్ సంగతి. మందుల షాపులో 'మోకాలికి బెల్టు' అంటే ఇచ్చేది ఎక్కువగా సాగే నీక్యాప్. వెచ్చగా ఉంటుంది, లిగమెంటుకి దానితో ఒరిగేదేమీ లేదు. రెండోది తొడ నుంచి పిక్క దాకా వచ్చే పొడుగాటి ఇమ్మొబిలైజర్. మొదటి కొన్ని రోజుల నొప్పికి పనికొస్తుంది, కానీ ఆరు వారాలు అదే వేసుకుంటే మోకాలు బిగుసుకుపోతుంది, తొడ సన్నబడిపోతుంది. కావాల్సింది రెండు పక్కలా హింజ్ ఉండి, ఎంతవరకు వంగాలో డయల్‌తో కట్టడి చేసే బ్రేస్. కొనేముందు మోకాలిచిప్పకి 15 సెంటీమీటర్లు పైన తొడ చుట్టుకొలత టేపుతో తీసుకోండి. ఎత్తు చూసి సైజు ఇచ్చేవాళ్లని నమ్మకండి. హింజ్ సరిగ్గా మోకాలిచిప్ప మధ్యకి రావాలి. రెండు అంగుళాలు కిందికి జారిందంటే అది కాపాడటం మానేసి కీలుని పక్కకి నెడుతుంది. పట్టీలలో ముందు బిగించాల్సింది మోకాలి కిందే, పిక్క పైభాగంలో ఉండేది. అక్కడ పట్టు దొరికితే మిగతావి జారవు. తొడ కండరం కరిగేకొద్దీ పట్టీలు వదులవుతాయి, అందుకని రెండు వారాలకోసారి మళ్లీ కొలవాలి. ఉక్కపోతకి చెమటపొక్కులు రాకుండా లోపల పలచని నూలు గుడ్డ వేసుకోండి. ఇంత చేసినా బ్రేస్ పని కాపలా కాయడం వరకే. నయం చేసే పని కండరాలది.

కసరత్తులో మొదటి రెండు వారాల లక్ష్యం వాపు తగ్గడం, మోకాలు పూర్తిగా చాచగలగడం. ఇక్కడే అందరూ చేసే పొరపాటొకటుంది. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకుంటారు. అలా నాలుగు వారాలు పడుకుంటే కాలు కొద్దిగా వంగినట్టే మిగిలిపోతుంది, ఆ కుంటి నడక తర్వాత ఒక పట్టాన పోదు. దిండు పెట్టాల్సింది మడమ కింద. మోకాలిని మంచానికేసి నొక్కి పది లెక్కపెట్టి వదలాలి, ఇలా పదిసార్లు, రోజుకి నాలుగైదు విడతలు. మోకాలు వంగకుండా కాలు నిటారుగా ఎత్తగలిగాకే కర్ర మీద బరువు తగ్గించాలి. తర్వాత గోడకి ఆనుకుని సగం కూర్చోవడం, మెట్టు దిగడం, ఒంటికాలి మీద నిలబడటం. వాచిన మోకాలికి నూనె పట్టించి పిసకడం వల్ల వాపు పెరుగుతుందే తప్ప తగ్గదు. నూనెవాసన వచ్చే నాటు కట్టు మీద మన ఊళ్లలో ఉన్న నమ్మకం పెద్దదే, అయినా తెగిన ఏసీఎల్‌కి అది చేసేదేమీ లేదు.

కసరత్తు దారి నిజంగా పనిచేస్తుందా? స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లని, దెబ్బ తగిలి నాలుగు వారాలు దాటనివాళ్లని, 121 మందిని తీసుకుని పరీక్షించారు. 2010లో ఆ ఫలితం వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి, ముందు కసరత్తు చేసి అవసరమైతేనే ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లకి రెండేళ్ల తర్వాత మోకాలి తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కసరత్తు వైపు ఉన్న 59 మందిలో 23 మంది రెండేళ్లలోపే ఆపరేషన్‌కి వెళ్లారు, ఐదేళ్లకి ఆ లెక్క 30. ఇది విని 'సగం మంది కోత తప్పించుకోవచ్చు' అని సంతోషిస్తాం. కానీ 2022లో వచ్చిన బ్రిటన్ ఫలితం వేరేగా ఉంది. అక్కడ తీసుకున్నది పాత దెబ్బలు, ఇంకా జారిపోతున్న మోకాళ్లు, 316 మంది. 18 నెలల తర్వాత నూటికి వేసిన మోకాలి మార్కుల్లో ఆపరేషన్ వైపు 73.0, కసరత్తు వైపు 64.6.

ఈ రెండు ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేయవు. మొదటిది తాజా దెబ్బ లెక్క, రెండోది పాత దెబ్బ లెక్క. మన వైపు సమస్యంతా ఇక్కడే. కొండ ఊరి నుంచి ఆసుపత్రికి వచ్చేసరికి నాలుగైదు నెలలు గడిచి, ఈలోగా పొలం గట్టు మీద మూడుసార్లు కాలు జారి, మెనిస్కస్ కూడా చిరిగి ఉంటుంది. అలాంటి మోకాలికి స్వీడన్ లెక్క చూపించి కోత వద్దనడం న్యాయం కాదు. తాజా దెబ్బతో వచ్చినవాళ్లకి మాత్రం మూడు నెలల క్రమమైన కసరత్తు ముందు ఇవ్వకుండా టేబుల్ ఎక్కించడం తొందరపాటు. ఆ మూడు నెలల తర్వాత కూడా మామూలు నడకలో, మెట్ల మీద మోకాలు జారిపోతుంటే ఇక ఆలస్యం చేయకూడదు. ప్రతి జారుడూ లోపలి మెనిస్కస్‌ని నలుపుతుంది.

ఆపరేషన్ వైపు చూడాల్సింది గ్రాఫ్ట్. తొడ వెనక స్నాయువు తీస్తే కోత చిన్నది, కానీ మడమని పిరుదుకేసి లాగే బలం కొంత తగ్గుతుంది. మోకాలిచిప్ప కింది స్నాయువు ఎముక ముక్కలతో సహా తీస్తే గట్టిగా పాతుకుంటుంది, కానీ మోకాళ్ల మీద కూర్చుంటే ముందు నొప్పి చాలాకాలం ఉంటుంది. నేల మీద మోకరిల్లి పనిచేసేవాళ్లు ఈ సంగతి సర్జన్‌తో ముందే మాట్లాడాలి. గ్రాఫ్ట్ మందం 8 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూస్తారు, సన్నదైతే తెగే ముప్పు ఎక్కువ. కోత పక్కన ముంగాలి మీద తిమ్మిరి మచ్చ మిగలడం మామూలే, చెడిపోయిందని భయపడక్కర్లేదు. వాపుతో బిగిసిన మోకాలిని కోస్తే అది ఇంకా బిగుస్తుంది. కాబట్టి పూర్తిగా చాచగలిగేదాకా ఆగమనే డాక్టరే మంచి డాక్టరు.

మా ఫిర్యాదంతా డిశ్చార్జి తర్వాతి రోజుల గురించి. కొత్తగా పెట్టిన స్నాయువు మొదటి మూడు నెలల్లో పెట్టిననాటి కంటే బలహీనపడుతుంది. రక్తనాళాలు కొత్తగా అల్లుకుని అది లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి పోయి, మనిషి బైకుకి కిక్ కొట్టడం మొదలుపెడతాడు. తొమ్మిది నెలలు నిండకుండా, రెండు కాళ్ల బలం తేడా పదో వంతుకి తగ్గకుండా కబడ్డీ కోర్టులోకి దిగకూడదు. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి మూడు నాలుగు నెలలు వద్దు, కమోడ్ కుర్చీ ముందే కొని పెట్టుకోవాలి. పిక్క గట్టిపడి వాచినా, జ్వరంతో గాయం కారినా రివ్యూ తేదీ దాకా ఆగకండి.

కాబట్టి విశాఖలో ఎంత పేరున్న చోట చేయించుకున్నా, మీ ఊరికి గంట ప్రయాణంలో ఫిజియో లేకపోతే ఆ ప్యాకేజీ సగమే కొన్నట్టు. అడ్వాన్సు కట్టేముందు ఆపరేషన్ తర్వాత ఎన్ని ఫిజియో సిట్టింగులు లెక్కలో ఉన్నాయో, రెండో వారానికి ఎంత వంగాలో, ఆరో వారానికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. మామూలుగా రెండు వారాలకి 90 డిగ్రీలు, ఆరు వారాలకి 120 దగ్గరగా చూస్తారు. మెనిస్కస్‌కి కుట్లు వేసుంటే ఇంకా నెమ్మది. ప్రభుత్వ కార్డు మీద చేయించుకుంటే గ్రాఫ్ట్‌ని పట్టి ఉంచే స్క్రూ, బటన్ ఖర్చు అందులోనే కలిసిందో లేదో ఆ కాగితంలోనే రాయించండి. ఇంటికి బయలుదేరేముందు డిశ్చార్జి సమ్మరీ మీద ఇంప్లాంట్ స్టిక్కర్లు అతికించారో లేదో చూసుకోండి. గ్రాఫ్ట్ మళ్లీ తెగితే, లోపల ఏ కంపెనీ, ఏ సైజు స్క్రూ ఉందో రెండో సర్జన్‌కి తెలిసేది వాటి వల్లే.