ఆర్మీ జిప్సీకి "సేమ్ ఇంజిన్" అంటూ కారు ఇంజిన్ అంటగడుతున్నారు, బ్యాలెన్స్ కట్టేముందు చూస్కోండి

వేలంలో పాత ఆర్మీ జిప్సీ తీసుకున్నవాళ్లు, తీసుకుందామని తిరుగుతున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. నా బండి ఇంజిన్ సీజ్ అయిపోయి (లోపల బిగుసుకుపోయి తిరగకుండా) ఉంది, దానికి వేరే ఇంజిన్ కోసం వెతుకుతుంటే ఒకాయన "జిప్సీదే సార్, ఆర్మీ బండిలోంచి దింపిందే, ఎవరి చెయ్యీ పడలేదు" అని చెప్పి అడ్వాన్స్ తీసుకున్నాడు, రాసిచ్చిన కాయితంలో కూడా జిప్సీ ఇంజిన్ అనే ఉంది. తీరా దించింది మారుతి ఎస్టీమ్ కారు ఇంజిన్. ఇదేంటని నిలదీస్తే "రెండూ ఒకటే, సెట్ అయిపోద్ది" అంటాడు. ఈ సెట్ అయిపోద్ది అనే మాట దగ్గరే మన డబ్బులు పోయేది.

ముందు మీ బండి ఏదో తేల్చుకోండి, ఎందుకంటే బయట బాడీ చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. 1985లో వచ్చిన ఎంజీ410లో 970 సీసీ ఎఫ్10ఏ ఇంజిన్, నాలుగు గేర్లు. 1996లో వచ్చిన ఎంజీ413డబ్ల్యూ, అదే కింగ్, దాంట్లో 1298 సీసీ జీ13 సిరీస్, ఐదు గేర్లు, 2000లో దాన్నే 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టేది) చేశారు. 970 బండికి 1300 ఇంజిన్ "డైరెక్టుగా కూర్చుంటది" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి, ఆ బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి గేర్‌బాక్స్ బిగించే డొప్ప) వేరు, 413 గేర్‌బాక్స్ కూడా వెతుక్కోవాల్సి వస్తుంది. కార్బురేటర్ బండికి ఎంపీఎఫ్ఐ ఇంజిన్ తెస్తే దాంతోపాటు ఈసీఎం (ఇంజిన్ నడిపే కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, ప్రెషర్ ఎక్కువిచ్చే పెట్రోల్ పంపు, ట్యాంకుకి రిటర్న్ పైపు అన్నీ కావాలి. ఉత్త ఇంజిన్ కొంటే అది ఇనప ముద్ద కింద లెక్క.

ఇక ఎస్టీమ్ సంగతి. ఎస్టీమ్‌లో కూడా జీ13 సిరీస్ ఇంజినే, 1298 సీసీయే, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 74, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5 మిల్లీమీటర్లు, అందుకే కోడ్ చూపించి ఒకటే అంటారు. కానీ ఎస్టీమ్ ముందు చక్రాలు లాగే కారు, అందులో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. జిప్సీలో నిలువుగా కూర్చుంటుంది, దాని కిందే ఫ్రంట్ యాక్సిల్ ఉంటుంది. అందుకని సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆకారం వేరు, లోపల ఆయిల్ లాగే జల్లెడ, అదే ఆయిల్ స్ట్రైనర్ వేరు, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్కు వేరు, మౌంటింగ్ బ్రాకెట్లు వేరు. వీటిలో ఒక్కటి కూడా ఇంజిన్‌తో ఇవ్వలేదు, ఇస్తానని కూడా అనలేదు.

సంపు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఇది చాలామంది పట్టించుకోరు. కారు సంపుతోనే ఇంజిన్ దించేసి చూపిస్తారు, బండి చదును నేల మీద నిలబడి ఉంటే యాక్సిల్‌కీ సంపుకీ మధ్య గ్యాప్ కనిపిస్తుంది, బాగానే ఉందిగా అనిపిస్తుంది. కానీ లీఫ్ స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు యాక్సిల్ పైకి వస్తుంది కదా, గుంతలో పడ్డ రోజు వచ్చి సంపుకి కొడుతుంది. మా మెకానిక్ బంప్ స్టాపు (యాక్సిల్ ఇంకా పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) దగ్గర ఖాళీని టేపు పెట్టి కొలిచాడు, తర్వాత సంపు కింద ఖాళీ కొలిచాడు, రెండోది తక్కువ వచ్చింది, అంటే స్ప్రింగు ఆగేలోపే సంపు పగులుతుంది. దీనికి వాళ్లు చెప్పే పరిష్కారం "సంపు కోసి వెల్డింగ్ చేసేద్దాం". సంపు లోతు మార్చి స్ట్రైనర్ మార్చకపోతే అది అడుగుకి ఆనుకుపోయి ఆయిల్ సరిగ్గా లాగదు, లేదంటే మరీ పైన ఉండిపోయి ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి జరిగాక గాలి పీలుస్తుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతే బేరింగులు పోవడానికి ఎంతోసేపు పట్టదు. సంపు, స్ట్రైనర్, డిప్‌స్టిక్కు మూడూ జిప్సీవే వేయాలి. మీ సీజైన ఇంజిన్ కూడా 1300 అయితే దాన్ని తూకానికి అమ్మేయకండి, ఇవన్నీ దానిమీదే దొరుకుతాయి.

చూసేటప్పుడు ఇంకో మోసం, పెయింట్. నాకు పంపిన ఇంజిన్‌కి మిలిటరీ ఆకుపచ్చ రంగు కొట్టారు, నిన్నటిదాకా ఆర్మీలో తిరిగినట్టే ఉంది. కానీ ఆ రంగు రబ్బరు పైపుల మీద, గాస్కెట్ అంచుల మీద, బోల్టు తలల గాడుల్లో కూడా ఉంది, గోరుతో గీకితే పొరలు పొరలుగా లేచింది, కింద వేరే రంగు. నంబర్ కొట్టే చోట గుడ్డకి థిన్నర్ పోసి తుడిస్తే ఆకురాయి గీతలు బయటపడ్డాయి, అంకెల్లో రెండు లోతుగా, మిగతావి తేలిగ్గా, వరస కూడా వంకర. ఇలా నంబర్ మీద చెయ్యి పడ్డ ఇంజిన్ ఎంత బాగా ఉన్నా ముట్టుకోవద్దు, అది దొంగ బండిదైతే తర్వాత స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మీరే. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్లు దొంగ బండ్ల వివరాలు పెట్టే వాహన్ సమన్వయ్‌లో నంబర్ కొట్టి చూసుకోండి.

హెడ్డు (సిలిండర్ల పైన ఉండే మూత భాగం) విప్పనిస్తే బోరు కొలిపించండి. "స్టాండర్డ్" అన్నాక 74 దగ్గరే రావాలి, 74.50 వచ్చిందంటే ఇప్పటికే రీబోర్ (అరిగిన సిలిండర్‌ని తొలిచి వెడల్పు చేయడం) అయిందన్నమాట. రీబోర్ తప్పేం కాదు, దాచి అమ్మడం తప్పు. విప్పనివ్వను అంటే కనీసం నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ప్రెషర్) మీ ఎదురుగా చూపించమనండి.

కాయితాల సంగతి కూడా గట్టిగా చూడండి. ఆర్మీ బండికి వేలం పత్రాల మీద సివిల్ రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు ఆర్సీలో ఎక్కిన ఇంజిన్ నంబర్ వేరు, ఇప్పుడు వేసే ఇంజిన్ నంబర్ వేరు. ఇంజిన్ మార్పుకి ముందే ఆర్టీవో పర్మిషన్ తీసుకోవడం మంచిది. అలా తీసుకోకుండా మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లోపు తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. దానికి ఇంజిన్ ఎక్కడినుంచి వచ్చిందో చూపించే బిల్లు కావాలి, నేను బిల్లు అడిగేసరికి ఇంజిన్ అమ్మేవాడు "పాత సామానుకి బిల్లేంటి సార్" అన్నాడు. నంబర్ కలవకపోతే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా పేచీ.

కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే కాయితం మీద ఇంజిన్ కోడు, పూర్తి నంబరు, ఏ బండిలోంచి దింపారు, సంపూ మౌంటింగులూ దాంతో వస్తాయా లేదా, చెప్పింది కాకపోతే డబ్బు వాపస్ అని రాయించి సంతకం పెట్టించుకోండి. రాయడానికి వెనకాడితే ఇంకో చోట చూసుకోండి. నేను బ్యాలెన్స్ కట్టలేదు, ఇంజిన్ తీసుకెళ్లమన్నాను, నా అడ్వాన్స్ మాత్రం అతను ఇంకా వెనక్కి ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఆ కాయితం, నంబర్ ఫోటోలతో కంప్లైంట్ పెట్టాను.