చార్మినార్ పక్కన గది తీసుకునే ముందు కిటికీ ఫోటో అడగండి

చార్మినార్ దగ్గర ఒక లాడ్జిలో ‘చార్మినార్ వ్యూ’ అని చెప్పి రాత్రికి 2,400 తీసుకున్నారు. కర్టెన్ జరిపితే ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, దాని మీద డ్రైనేజీ పైపు. కౌంటర్లో అడిగితే, "వ్యూ టెర్రస్ మీద సార్" అన్నాడు. లిఫ్ట్ లేదు. నాలుగంతస్తులు, నిటారు మెట్లు. అమ్మ రెండో అంతస్తులోనే మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయింది. మా ఆవిడ ఆ రోజంతా నాతో ముభావంగానే ఉంది.

చోటు ఇరుకని నా కోపం కాదు. 2010లో పురాతన కట్టడాల రక్షణ చట్టం సవరించాక చార్మినార్ లాంటి రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు కుదరవు. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా దేనికైనా అనుమతి తీసుకోవాలి. 1591 నాటి కట్టడాన్ని కాపాడాలంటే ఆ మాత్రం కట్టడి ఉండాల్సిందే. లాడ్జి వాళ్ళు పాత బిల్డింగులోనే సర్దుకోవాలి, నిజమే. కానీ వీళ్ళు ఒక పెద్ద గదిని ప్లైవుడ్‌తో రెండు చేశారు. ఆ చెక్క సరిగ్గా కిటికీ మధ్యలోకి వచ్చి ఆగింది. ఒక రెక్క మాకు, ఒక రెక్క పక్క గదికి! పక్కాయన ఫోన్ మాటలు అర్ధరాత్రి దాకా విన్నాం.

పొద్దున్నే ఖాళీ చేసి పత్తర్‌గట్టి వెనక సందులో ఇంకో లాడ్జికి మారాం. 1,800. ఇదీ పొడుగ్గా, సన్నగా ఉన్న స్థలమే. కానీ మధ్యలో మండువాలా పైకప్పు లేకుండా వదిలేశారు, గదుల కిటికీలన్నీ అటే. మెట్లు, బాత్రూములు వెలుతురు రాని పక్క గోడకి సర్దేశారు. ఆ ఖాళీ కోసం అంతస్తుకో గది వదులుకున్నారట. పగలు లైటు వెయ్యక్కర్లేదు. కింది అంతస్తులో అడక్కుండానే అమ్మకి గది ఇచ్చారు. వీధి వైపు గది అడిగితే, "రాత్రి పదకొండు దాకా గోల ఉంటుందమ్మా, నిద్ర పట్టదు" అని మేనేజరే వద్దన్నాడు. అలా ఉన్నమాట చెప్పేవాళ్ళకి ఇంకో రెండొందలు ఎక్కువిచ్చినా బాధుండదు.

చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్ హాయిగా చూశాం. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో మా ఆవిడ మళ్ళీ మాటల్లో పడింది.

వెళ్ళేవాళ్ళు గది లోపలి నుంచి తీసిన కిటికీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. పంపకపోతే వదిలెయ్యండి. చార్మినార్ చుట్టూ బండ్లు రానివ్వరు, ఆటో దూరంగానే ఆపేస్తాడు. పెద్దవాళ్ళుంటే సామాను తక్కువ పెట్టుకోండి.