జపాన్ దారి, చైనా దారి, కొరియా దారి: కార్ల ఫీల్డులో కొత్తగా దిగేవాళ్లకి ఏది మేలు?

ఆసియా వాళ్లు వెస్టర్న్ కార్ కంపెనీల్ని ఎలా కొట్టారు అంటే చీప్ లేబర్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది, నాకైతే అది సగం కూడా నిజం కాదనిపిస్తుంది.

జపాన్‌ది ఓపిక దారి. 1957లో టయోటా తన క్రౌన్ కారుని అమెరికా తీసుకెళ్తే అక్కడి హైవేల మీద ఇంజన్ వేడెక్కి పరువు పోయింది, సరే అని ఇంటికొచ్చి ఫ్యాక్టరీని బాగుచేసుకున్నారు, తప్పు కనబడితే మామూలు వర్కర్ కూడా తాడు లాగి లైన్ ఆపించొచ్చు. 1973లో పెట్రోల్ రేట్లు మండేసరికి మైలేజ్ ఇచ్చే చిన్న కార్లు వీళ్ల దగ్గర రెడీగా ఉన్నాయి. అసలు మజా 1984లో. అమెరికా కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) మూసేసిన కాలిఫోర్నియా ఫ్రీమాంట్ ప్లాంట్‌ని టయోటా వాళ్లతో కలిసి మళ్లీ తెరిచి, ఎక్కువగా ఆ పాత వర్కర్లనే పెట్టుకుని నడిపితే క్వాలిటీ ఎక్కడికో వెళ్లిపోయింది, అంటే ఇన్నాళ్లూ తిట్లు తిన్నది పనోళ్లు, తప్పేమో పైవాళ్లది. (ఇప్పుడు అక్కడ టెస్లా ఉంది.)

చైనా ఇంజన్లలో జర్మన్లతో ఎందుకు పోటీ అని ఆటే మార్చేసింది, బ్యాటరీ కార్ల వైపు తిరిగింది. బీవైడీ 1995లో బ్యాటరీల కంపెనీ, 2003లో కార్లలోకి వచ్చింది, 2022లో ఒట్టి పెట్రోల్ కార్లు మానేసింది. 2023కల్లా కార్ల ఎగుమతుల్లో చైనా జపాన్‌నే దాటేసింది. స్పీడ్ సూపర్, కాదనను, కానీ అంత సర్కార్ డబ్బు, అంత పెద్ద సొంత మార్కెట్ ఇంకెవరికున్నాయి? పైగా 2024లో అమెరికా చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 100 శాతం సుంకం వేసింది.

నా ఓటు కొరియాకే. 1975లో హ్యుందాయ్ 'పోనీ' అనే కారు చేసినప్పుడు ఇంజన్ మిత్సుబిషిది, డిజైన్ ఇటలీ జుజారోది, పని నడిపించింది బ్రిటిష్ లేలాండ్ అనే కార్ల కంపెనీ నుంచి వచ్చిన జార్జ్ టర్న్‌బుల్, అన్నీ బయటివే, అయినా సిగ్గుపడలేదు. 1986లో వాళ్ల 'ఎక్సెల్' కారు అమెరికాలో మొదటి ఏడాదే లక్షన్నర దాటి అమ్ముడైంది, తర్వాత రిపేర్లు మొదలై నవ్వులపాలైంది. ఇంకొకళ్లయితే మూటాముల్లె సర్దేసేవాళ్లు, వీళ్లు 1998లో ఇంజన్, గేర్‌బాక్స్‌కి 10 ఏళ్లు, లక్ష మైళ్ల వారంటీ ప్రకటించారు. కారు పాడైతే ఖర్చు వాళ్ల జేబులోంచే, ఇక క్వాలిటీ చచ్చినట్టు పెంచాల్సిందే కదా.

మన పెనుకొండలో 2019 నుంచి కియా కార్లు వస్తున్నాయి, ఉద్యోగాలొచ్చాయి, సంతోషమే, కానీ ఓనర్లు కొరియా వాళ్లు. 'పోనీ' కారుకి మన దగ్గర అసలు పోలిక 1998 టాటా ఇండికా, అది కూడా ఇటలీ డిజైనే, మొదట్లో కంప్లైంట్లు, తర్వాత వీ2 అనే మెరుగుపరిచిన మోడల్‌తో సర్దుకుంది.